చివరి ఐదు కిలోమీటర్ల లెక్క

మెడల్ మెడలో పడింది, స్నేహితులతో ఫొటో దిగారు, ఇంటికొచ్చి ఇంత పెరుగన్నం తిని పడుకున్నారు. సాయంత్రం లేచి ఫోన్లో ఫలితాలు తెరిస్తే కిందటి రేసు కంటే ఎనిమిది నిమిషాలు ఎక్కువ పట్టింది! ఏడాదిగా నాలుగున్నరకే అలారం పెట్టుకుని లేస్తున్నది ఇందుకేనా? ఆ రాత్రి స్ట్రావాలో పక్క అపార్ట్‌మెంటు ఆయన టైమింగ్ కూడా చూశారంటే ఇక నిద్ర పట్టినట్టే.

ఒకటో రెండో హాఫ్ మారథాన్లు పూర్తిచేసి, ముందుకు వెళ్తున్నామో ఉన్నచోటే ఉన్నామో తేల్చుకోలేక సతమతమయ్యే వాళ్ల కోసం ఈ అధ్యాయం. ముందు ఒక ఉదాహరణ చూద్దాం.

కూకట్‌పల్లిలో ఉండే నలభై రెండేళ్ల బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్నాడనుకోండి. అక్టోబరులో ఢిల్లీ హాఫ్ మారథాన్‌ను 2 గంటల 16 నిమిషాల్లో ముగించాడు. మరుసటి ఆగస్టులో హైదరాబాద్‌లో అదే దూరానికి 2 గంటల 24 నిమిషాలు పట్టింది. "వయసు మీదపడింది సార్" అంటూ షూస్ అటకెక్కించడానికి సిద్ధమయ్యాడు. అటకెక్కించే ముందు ఆయన వాచీలో కిలోమీటరు కిలోమీటరుకూ ఏం నమోదైందో చూద్దాం. ఢిల్లీలో మొదటి 5 కిలోమీటర్లు 29 నిమిషాల 30 సెకన్లలో కొట్టేశాడు. చివరి 5 కిలోమీటర్లకు 37 నిమిషాలు పట్టాయి. హైదరాబాద్‌లో మొదటి ఐదు 34:30, చివరి ఐదు 33:30.

ఢిల్లీ దారి చదును, అక్టోబరు తెల్లవారుజాము కూడా కొంత నయం. హైదరాబాద్‌లోనో, నెక్లెస్ రోడ్డులో బయల్దేరి గచ్చిబౌలి స్టేడియం చేరేలోపు ఫ్లైఓవర్ దిగామనుకుంటే ఇంకో ఫ్లైఓవర్, పైగా ఆగస్టు ఉక్కపోత. అలాంటి దారిలో కాళ్లు అరిగిపోయాక కూడా మొదటికంటే ఒక నిమిషం వేగంగా వచ్చాడు. ఈ రెంటిలో ఏది మంచి పరుగు? నన్నడిగితే హైదరాబాదే, అందులో నాకు అనుమానం లేదు. మొత్తం టైమింగ్‌లో దారి, ఎండ, జనం అన్నీ కలిసిపోతాయి. మీ తయారీ ఏపాటిదో చివరి ఐదు కిలోమీటర్లే విప్పి చెబుతాయి.

1. పాత రేసుల లెక్క బయటికి తీయండి

ఒక కాగితం తీసుకోండి. మీరు పరుగెత్తిన ఒక్కో రేసుకూ రెండు అంకెలు రాయండి: మొత్తం మీద సగటున కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు, చివరి ఐదులో ఎన్ని నిమిషాలు. వాచీ లేకపోతే నిర్వాహకుల వెబ్‌సైటులో మీ బిబ్ నంబరు కొట్టండి. దారిలో టైమింగ్ మ్యాట్లు వేసిన చోటల్లా మీరు ఎప్పుడు దాటారో చాలా రేసులు చూపిస్తాయి. గన్ టైమ్‌ను పట్టించుకోకండి, చిప్ టైమ్ చూడండి. వెనక వరుసలో నిలబడ్డవాళ్లు స్టార్ట్ లైన్ దాకా రావడానికే ఐదారు నిమిషాలు పోవచ్చు.

రెండు అంకెలకూ తేడా పది పదిహేను సెకన్లయితే దిగులు పడక్కర్లేదు. అర నిమిషం దాటితే ఎక్కడో ఏదో తప్పింది. నిమిషం దాటితే ఈ అధ్యాయం మీ కోసమే రాశాననుకోండి.

ఎక్కడ తప్పిందో ఎలా తెలుస్తుంది? ఆఖర్లో మీ ఒళ్లు ఎలా ఉందో గుర్తుచేసుకోండి.

ఊపిరి బాగానే ఆడుతోంది, తొడలు, పిక్కలు మాత్రం రాళ్లలా బిగుసుకుపోయాయా? అయితే మీ లాంగ్ రన్లు చాల్లేదు. ఎనిమిది, పది కిలోమీటర్ల దగ్గరే రొప్పు మొదలై ఆఖరిదాకా తగ్గలేదా? అది స్టార్ట్‌లో చేసిన పొరపాటు. కళ్లు తిరిగినట్టయి, చెమట చల్లబడి, ఎవరైనా ఒక్క చాక్లెట్ ఇస్తే బాగుండనిపించిందా? అది తిండి సంగతి. చాలామంది ఈ మూడింటినీ కలిపేసి "స్టామినా లేదు" అని ఒక్క మాట అనేసి, సోమవారం నుంచి రోజూ ఇంకా గట్టిగా పరుగెత్తడం మొదలుపెడతారు. జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి!

2. మొదటి మూడు కిలోమీటర్లు అందర్నీ పోనివ్వండి

డప్పులు మోగుతుంటాయి, మైకులో కౌంట్‌డౌన్, చుట్టూ వేలమంది. ఆ ఊపులో 6:40 పేస్‌తో వెళ్లాల్సిన మనిషి 5:50తో వెళ్తాడు. పైగా హాయిగా ఉన్నట్టే అనిపిస్తుంది. తేలిగ్గా ఉంది కదా, ఈ కాసేపట్లో కొంత టైమ్ మిగుల్చుకుందాం అనుకుంటాం. మొదట్లో మిగుల్చుకున్న ప్రతి నిమిషానికీ ఆఖర్లో రెండు మూడు కట్టాల్సి వస్తుంది.

పెద్దవాళ్ల లెక్క ఎలా ఉంటుందో చూడండి. 2023 అక్టోబరులో షికాగోలో కెల్విన్ కిప్టమ్ 2:00:35తో మారథాన్ ప్రపంచ రికార్డు నెలకొల్పిన రోజు మొదటి సగానికి 60:48, రెండో సగానికి 59:47 పట్టాయి. ఆ వేగం మనకు ఈ జన్మలో రాదు, కానీ ఆ పంపకం మాత్రం ఇవాళే నేర్చుకోవచ్చు.

ఎలాగంటారా? మొదటి మూడు కిలోమీటర్లు అనుకున్న పేస్ కంటే పది పదిహేను సెకన్లు నెమ్మదిగా వెళ్లండి. జనం సందుల్లోంచి కుడికీ ఎడమకీ దూరి ఎవర్నీ దాటకండి. ఆ వంకర టింకరలో దూరమూ పెరుగుతుంది, ఊపిరీ పోతుంది. మీ టైమింగ్ రాసిన జెండా పట్టుకుని పేసర్ కనిపిస్తే పది అడుగులు వెనకే ఉండండి. పేసర్ చుట్టూ గుంపులో ఇరుక్కుంటే నీళ్ల టేబుల్ దగ్గర తోపులాటే.

ఇక్కడే ఇంకో చిన్న లెక్క ఉంది, చాలామందికి ఫినిష్ లైన్ కనిపించేదాకా తెలియదు. రేసు దూరాన్ని మలుపుల దగ్గర లోపలి అంచు పట్టుకుని, అతి దగ్గర దారిలో కొలుస్తారు. మనం అలా పరుగెత్తం. హాఫ్ మారథాన్ 21.0975 కిలోమీటర్లే అయినా ముగిసేసరికి మీ వాచీ 21.3, 21.4 చూపిస్తుంది. 2 గంటల 20 నిమిషాలు మీ లక్ష్యం అనుకుందాం. భాగించి చూస్తే కిలోమీటరుకు 6:38 వస్తుంది. అదే నమ్ముకుని వెళ్తే వాచీలో 21.1 పడేసరికి సరిగ్గా రెండు గంటల ఇరవై నిమిషాలు, ఎదురుగా ఇంకా రెండు మూడు వందల మీటర్ల రోడ్డు! అందుకని వాచీలో 6:33 పెట్టుకోండి.

3. ఈజీ రన్ అంటే ఈజీగానే

వారానికి నాలుగు రోజులు పరుగెత్తేవారు ఇలా సర్దుకోవచ్చు. మంగళవారం 6 కిలోమీటర్లు ఈజీ. గురువారం టెంపో: రెండు కిలోమీటర్లు ఒళ్లు వేడెక్కేదాకా, తర్వాత నాలుగైదు కిలోమీటర్లు మూడు నాలుగు ముక్కలకు మించి మాట్లాడలేనంత వేగంతో, ఆపైన ఒక కిలోమీటరు నింపాదిగా. శనివారం 5 ఈజీ. ఆదివారం లాంగ్ రన్. మధ్యలో రెండు రోజులు ఇంట్లోనే పావుగంట గుంజీళ్లు, మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తడం.

ఈజీ రన్‌లో పక్కవాళ్లతో నిన్నటి క్రికెట్ మ్యాచ్ గురించి ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. ఒక్కరే ఉంటే ఫోన్లో మాట్లాడుతున్నట్టు రెండు పెద్ద వాక్యాలు పైకి అని చూడండి. మధ్యలో తెగిందా? వేగం తగ్గించండి. వినడానికి ఇంతే, చేయడమే కష్టం. కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే ఒకసారి చూడండి. ఈజీ అని బయల్దేరిన గుంపులో ఎవరో ఒకరు అర అడుగు ముందుంటారు, పక్కాయన ఆ అర అడుగు అందుకుంటాడు, రెండో రౌండుకల్లా అది చిన్న సైజు రేసు అయిపోతుంది. మంగళవారం అలా, శనివారం అలా పరుగెత్తితే గురువారం టెంపోకీ ఆదివారం లాంగ్ రన్‌కీ కాళ్లలో ఏం మిగులుతుంది? నాలుగు రోజులూ ఒకే మధ్యరకం వేగంతో పరుగెత్తేవాళ్లే ఏళ్ల తరబడి ఒకే టైమింగ్ దగ్గర ఆగిపోవడం నేను ఎక్కువగా చూస్తుంటాను.

అవసరమైతే ఆ ఈజీ రోజులు రెండూ గుంపు వదిలి ఒంటరిగా వెళ్లండి. చీకట్లో ఒంటరిగా వెళ్లడం క్షేమం కాదనిపించే మహిళలు తమకంటే నెమ్మదిగా పరుగెత్తే తోడును వెతుక్కోవడం మంచిది. వీధి కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి. వాటికంటే వేగంగా పరుగెత్తగలమని నిరూపించాల్సిన అవసరం లేదు.

4. లాంగ్ రన్‌లో ఆఖరి నాలుగే అసలు పని

ఇప్పుడు ఆదివారం 10 కిలోమీటర్లు చేస్తున్నారనుకుందాం. వారానికి ఒకటి, ఒకటిన్నర చొప్పున పెంచుకుంటూ, నాలుగో వారం మూడో వంతు తగ్గించుకుంటూ వెళ్తే పన్నెండు వారాలకల్లా 18 దగ్గరికి వస్తారు. హాఫ్‌కి అది చాలు. ఇంతవరకూ అందరూ చెప్పేదే.

చాలామంది చేయనిది ఇంకొకటుంది. లాంగ్ రన్ మొదటి నుంచి చివరిదాకా ఒకే నెమ్మది వేగంతో పరుగెత్తి, రేసులో మాత్రం అలసిన కాళ్లు వేగంగా కదలాలని కోరుకుంటాం. ఎలా కదులుతాయి, ఎప్పుడైనా నేర్పామా? అందుకే ఆదివారం విడిచి ఆదివారం ఇలా చేయండి. మీ రేసు పేస్ 6:40 అయితే 16 కిలోమీటర్లలో మొదటి 12 కిలోమీటర్లూ 7:40తో, మాట్లాడుకుంటూ వెళ్లండి. 12 దగ్గర రెండు గుక్కల నీళ్లు తాగి, ఆగకుండా 6:40కి మారండి. మొదటి రెండు కిలోమీటర్లు బాగానే ఉంటుంది. పదిహేనో కిలోమీటరులో భుజాలు చెవులదాకా లేస్తాయి, అడుగులు బారుగా పడటం మొదలవుతుంది. అప్పుడు చేతులు ఒకసారి కిందికి విదిల్చి, అడుగులు చిన్నవి చేసి, తొందర తొందరగా వేయండి. ఆ ఒక్క సర్దుబాటు అలవాటు చేసుకోవడానికే ఈ కసరత్తంతా.

ఆ నాలుగు కిలోమీటర్లు చదునుగా, ట్రాఫిక్ లేకుండా ఉండే చోట పడేలా దారి చూసుకోండి. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు, విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు, మీ ఊళ్లో చెరువు కట్టో కాలేజీ గ్రౌండో. ఇక మామూలుగా జరిగే పొరపాటు ఏమిటంటే, పదహారు అనుకుని బయల్దేరి పద్నాలుగు దగ్గర టిఫిన్ సెంటర్ కనిపించగానే గ్రూపంతా ఆగిపోవడం. ఇడ్లీ ఎక్కడికీ పోదు. ఆ రెండు కిలోమీటర్లూ పూర్తిచేసి వెనక్కి నడిచి రండి.

5. తిండి, నీళ్లు

పరుగులో కిలోమీటరుకు, కిలో బరువుకు దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది. అంటే 70 కిలోల మనిషికి కిలోమీటరుకు 70. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా మనం దాచుకోగలిగేది సుమారు 2000 కేలరీలు. భాగిస్తే ఎంతొస్తుంది? 28, 29. ఒంట్లోని కొవ్వు కూడా కొంత సాయపడుతుంది కాబట్టి సరిగ్గా ఆ మీటరు దగ్గరే కాకపోయినా, ఫుల్ మారథాన్ చేసేవాళ్లు 30, 32 దగ్గర గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోవడానికి కారణం ఇదే. మనోబలం చాలకపోవడం అనుకుని కుమిలిపోకండి.

అందుకని గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. ఒక జెల్‌లో 20, 25 గ్రాములుంటుంది, మధ్యరకం అరటిపండులోనూ దాదాపు అంతే. ఆకలి వేసేదాకా ఆగకుండా నలభై నిమిషాలకొకసారి తీసుకోండి. జెల్ మీద నీళ్లు తాగండి, ఎలక్ట్రోలైట్ కాదు. రెండు తీపులూ కడుపులో కలిస్తే తిప్పేస్తుంది. ఖర్జూరం గింజ తీసి పెట్టుకుంటే బాగా పనికొస్తుంది. పల్లీ పట్టీ మాత్రం వద్దు, రొప్పుతూ నమలలేరు. ఏదైనా సరే, ముందు లాంగ్ రన్‌లో తిని చూశాకే రేసులో తినాలి.

నీళ్ల విషయంలో రెండు వైపులా తప్పులు జరుగుతాయి. తాగనివాళ్లు కొందరు. భయంతో ప్రతి టేబుల్ దగ్గరా రెండేసి గ్లాసులు దించేవాళ్లు ఇంకొందరు. నాలుగైదు గంటలు రోడ్డు మీద ఉండేవాళ్లు ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. మీ చెమట ఎంతో తెలుసుకోవడం తేలిక. లాంగ్ రన్‌కు ముందు, తర్వాత తడి బట్టలు విప్పి బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు పోయినట్టు. నల్ల టీషర్టు ఆరాక వీపు మీద తెల్లటి చారలు తేలుతున్నాయా? మీకు ఉప్పు ఎక్కువ పోతోంది, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దగ్గరుంచుకోండి.

రేసు ముందు రాత్రి పప్పన్నం, పెరుగు మేలు. బిబ్ తెచ్చుకోవడానికి వెళ్లి, వస్తూ వస్తూ బిర్యానీ తినేవాళ్లు ఎంతమందో! జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్ పెట్టుకున్న మన తెలుగువాళ్లకు ఇంకో పరీక్ష. సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకే రేసు. అరిసెల డబ్బా ముట్టొద్దని చెప్పను, ముట్టవద్దంటే వింటారా? గురువారం తర్వాత మూత పెట్టేయండి.

6. పోల్చేముందు ఊరు, నెల చూడండి

విశాఖ తేమను ఢిల్లీ అక్టోబరుతోనో, ముంబైలో ఆఖరి పది కిలోమీటర్లలో ఎదురయ్యే పెడ్డర్ రోడ్డు ఎక్కుడును చదును దారితోనో పోలిస్తే లెక్క కుదరదు. అదే రేసు, అదే నెల, ఏడాది తేడాతో పోల్చండి. మధ్యలో తెలుసుకోవాలంటే మీ ఇంటి దగ్గర ఒకే దారిలో నెలకొకసారి 5 కిలోమీటర్లు గట్టిగా పరుగెత్తి డైరీలో రాసుకోండి.

లక్ష్యం ఎంత పెట్టుకోవాలో తెలియనివారికి పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు 1977లో ప్రకటించిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. దాని ప్రకారం 10కె టైమింగ్‌ను 2.2తో గుణిస్తే హాఫ్, హాఫ్ టైమింగ్‌ను 2.085తో గుణిస్తే ఫుల్ వస్తాయి. 10కె గంటలో చేసేవారికి హాఫ్ 2:12, ఫుల్ 4:35. వారానికి ముప్పై కిలోమీటర్లు కూడా పరుగెత్తనివారు ఫుల్ లెక్కకు కనీసం పావుగంట కలుపుకోండి. సూత్రం తయారీ పూర్తయినవాళ్లకే వర్తిస్తుంది.

7. షూస్, నొప్పులు

ఇవి ఎక్కువ సాగదీయను. షూస్ 500 నుంచి 800 కిలోమీటర్లకు మార్చండి, కొత్తవి రేసు రోజు వేయకండి. పాతిక వేల కార్బన్ ప్లేట్ షూస్ మీద కన్నుపడితే ఒక్కసారి శివనాథ్ సింగ్‌ను తలచుకోండి. వట్టి కాళ్లతో పరుగెత్తడానికి పేరున్న ఆయన 1978లో జలంధర్‌లో 2:12:00తో పెట్టిన భారత మారథాన్ రికార్డు నలభై ఏళ్లకు పైగా చెక్కుచెదరలేదు. అలాగని మీరు షూస్ విప్పేయక్కర్లేదు. కంకర రోడ్లు ఉండనే ఉన్నాయి.

రెండు వైపులా సమానంగా ఉండే నొప్పి మామూలుగా బడలిక. ఒకే చోట, ఒకే కాలికి, వేలితో చూపించగలిగేలా ఉంటే వారం ఆపి డాక్టరుకు చూపించండి. ఈజీ పేస్ కారణం లేకుండా మూడు వారాలు వరుసగా బరువైపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ముఖ్యంగా మహిళలు, ఎందుకంటే మన దగ్గర రక్తహీనత ఎక్కువ. నలభై దాటినవాళ్లు వేగం పెంచేముందు గుండె పరీక్ష చేయించుకోవడం పిరికితనమేమీ కాదు.

8. తర్వాతి రేసు ఎప్పుడు?

హాఫ్ అయ్యాక కనీసం మూడు వారాలు టైమింగ్ మాట ఎత్తకండి. తర్వాతి రేసు ఎంచుకున్నాక ఆ తేదీ నుంచి పదహారు వారాలు వెనక్కి లెక్కపెట్టండి. ఆఖరి రెండు వారాలు మైలేజీ సగానికి దించే టేపర్. అప్పుడు కాళ్లు దురద పెడతాయి, ఎక్కడలేని అనుమానాలూ వస్తాయి. అయినా పెంచకండి. ఈసారి లక్ష్యం కూడా మార్చి రాసుకోండి: "చివరి ఐదు, నా సగటు కంటే కిలోమీటరుకు పది సెకన్లకు మించి నెమ్మదించకూడదు." మొత్తం టైమింగ్ దాని కింద చిన్న అక్షరాలతో రాసుకుంటే చాలు.

ఫీజు కట్టేముందు పంచాంగం కూడా తిరగేయండి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో వస్తుంది, తరచూ శ్రావణ మాసమే, ముహూర్తాల కాలం. శనివారం రాత్రి పదకొండున్నరకు మేనమామ కూతురి పెళ్లి, ఆదివారం తెల్లవారకముందే మీ స్టార్ట్ అయితే రెండింటికీ న్యాయం జరగదు. ఆ సంగతి ఇంట్లో రేసుకు నాలుగు నెలల ముందే కదపండి, నాలుగు రోజుల ముందు కాదు. పెళ్లి తప్పదని తేలితే 10కెకి నమోదు చేసుకుని, ఫుల్లు, హాఫూ డిసెంబరు, జనవరి రేసులకు పెట్టుకోండి.